నాగజెముడు రసం, మాంటెరే బస్సు

ఏడాది తిరిగేసరికి ఒడీలియా కవాసోస్ సగానికి సగం తగ్గిపోయింది. సరిహద్దు అంచున ఉన్న ఫార్ పట్టణంలో, ఆమె పనిచేసే బడి వంటశాల దగ్గర్నుంచి చర్చి మెట్ల దాకా ఆమెను ఆపి అడగని ఆడది లేదు. అందరికీ ఒకటే జవాబు. "పొద్దున్నే పరగడుపున నాగజెముడు రసం, అంతే!" ముళ్లు ఎలా గీకాలో, అనాస ముక్కలు ఎన్ని వేయాలో, మిక్సీ ఎంతసేపు తిప్పాలో చేతులు ఆడిస్తూ మరీ చెప్పేది. అబద్ధానికి అన్ని వివరాలు ఎందుకో ఆ మహాతల్లికే తెలియాలి.

అసలు సంగతేమిటంటే, ఆమె సరిహద్దు దాటి పక్క దేశంలోని మాంటెరే వెళ్లి కడుపు ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. బీపీ ముదిరిపోయి, ఇలాగే ఉంటే కష్టమని ఇక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక్కడి ఆసుపత్రి చెప్పిన ఖర్చు వింటేనే ఆ బీపీ ఇంకాస్త పెరిగింది. పళ్లకీ కళ్లజోళ్లకీ సరిహద్దు వంతెన దాటడం ఫార్‌లో అందరూ చేసేదే. కానీ బరువు కోసం కోయించుకుందంటే మాత్రం "నోరు కట్టుకోలేకపోయింది" అంటారు. ఆ మాట పడలేక ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో పన్ను కాగితాల రోజులు వచ్చిపడ్డాయి. ఇంటి అప్పు వడ్డీకీ ఇంటి పన్నుకీ ఆపరేషన్ ఖర్చు కలిస్తేనే ఈసారి మినహాయింపు అందేది. అలా తిరిగొచ్చే పన్ను డబ్బుతో కారుకు టైర్లు మార్చాలి. చిక్కల్లా ఆ కాగితాలు రాసేది బ్రీహిదా కావడమే. ఒడీలియా కూతురి బాప్తిస్మం నాడు బిడ్డను ఎత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడింది బ్రీహిదా. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు "కొమాద్రే" అని పిలుచుకుంటారు. కొమాద్రేని కాదని ఇంకొకరి దగ్గరికి వెళితే, ఏం గొడవ పడ్డారోనని ఊరంతా ఆరా తీస్తుంది. పైగా ఒడీలియా మాట నమ్మి ఆ రసాన్ని అందరికన్నా భక్తిగా తాగుతున్నది బ్రీహిదానే.

ఆపరేషన్ రసీదులు సంచి అడుగున దాచుకుని, మిగతా కాగితాలు చేతిలో పట్టుకుని కొమాద్రే ఇంటికి వెళ్లింది ఒడీలియా. ఆ రసీదులు బయటికి తీయాలా, టైర్ల మీద ఆశ వదులుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముందు గదిలో బ్రీహిదా ముక్కు మూసుకుని పచ్చటి గ్లాసు ఎత్తుతోంది.

"అబ్బబ్బ, పసరు కంపు! నీకు గొంతులో ఎలా దిగుతుందే కొమాద్రే? నువ్వేమో చువ్వలా అయ్యావు, నాకు పొట్ట ఉబ్బడం తప్ప ఇంకేం లేదు."

"మానెయ్యరాదూ?"

"మానడమా? ఇదుందిగా అని షుగరు మాత్రలే మానేశాను!"

ఒడీలియా టైర్లూ పరువూ రెండూ మరిచిపోయి, సంచి బోర్లించి రసీదులన్నీ బల్ల మీద పోసింది. "ఆ గ్లాసు కింద పెట్టు. నేను ఆపరేషన్ చేయించుకున్నాను. తగ్గింది రసం వల్ల కాదు."

బ్రీహిదా గ్లాసు దించి, ఒక రసీదు ఎత్తి చదివింది. "ఈ పసరు నువ్వు ఒక్కసారైనా తాగావా?"

"ఒక్కసారే. వాంతయింది."

బ్రీహిదా లేచి గ్లాసు తొట్లో ఒంపి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, ముక్కూమొహం ఎరగని మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"బీపీ కోసం అవసరమని డాక్టరు రాసిచ్చాడా?"

"ఇచ్చాడు."

"బతికిపోయావు. అందం కోసమైతే పైసా వదలరు. ఈ ప్రొటీన్ పొడుల రసీదులు తీసెయ్, అవి తిండి కిందికి వస్తాయి. బస్సు టికెట్టు పనికొస్తుంది, గది అద్దె కొంతవరకు వస్తుంది. తోడు మనిషి తప్పనిసరని కూడా రాశాడుగా, ఆ టికెట్టు కూడా వేసుకోవచ్చు. ఇలా తే. తోడు ఎవరొచ్చారు?"

ఒడీలియా తల దించుకుంది. "ఎవరూ రాలేదు."

"తోడు లేకుండా ఆసుపత్రివాళ్లు ఎలా ఒప్పుకున్నారే?"

"అక్క హోటల్లో ఉందని చెప్పాను."

"నాకేమో అక్క ఊరు వెళ్తున్నానన్నావు! ఇక్కడ నీ కుక్కకి అన్నం పెడుతూ, నువ్వు మీ అక్కతో కబుర్లాడుతున్నావనుకున్నాను. మత్తు ఇచ్చేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నావే?"

"ఎవరిదీ లేదు. దుప్పటి పట్టుకున్నాను."

అంతే, బ్రీహిదా కళ్లజోడు తీసి బల్ల మీద విసిరింది. వెక్కి వెక్కి ఏడ్చింది. "రసం సంగతి క్షమిస్తాను. దీన్ని మాత్రం చచ్చినా క్షమించను. ఒక్క మాట చెబితే నీతో బస్సెక్కనా? అంత కానిదాన్నైపోయానా?"

ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిన తామాలేలు వేడిచేసి పళ్లెంలో పెట్టింది. కోయించుకున్న కడుపుతో ఒడీలియా ఇప్పుడు తినగలిగేది ఒక్క తామాలేనే. అది తింటూ ఆమె కూడా ఏడ్చింది. "తిట్టవే తల్లీ, ఇంకా తిట్టు. ఆ మంచం మీద ఒంటరిగా పడుకున్నప్పుడు, నన్ను తిట్టే మనిషి పక్కనుంటే చాలనిపించింది. నువ్వుండటం నా అదృష్టం." బ్రీహిదా తన ఎదుటే షుగరు మాత్ర మింగేదాకా ఒడీలియా కుర్చీలోంచి లేవలేదు.

అప్పుడు బయటపెట్టింది బ్రీహిదా. తన డాక్టరు కూడా ఎప్పట్నుంచో ఆపరేషన్ అంటున్నాడట. భయమేసి ఆ రసాన్ని పట్టుకుని వేలాడిందట.

వేసవి సెలవుల్లో బ్రీహిదా ఆపరేషన్‌కని ఇద్దరూ మాంటెరే బస్సెక్కారు. దారి పొడవునా బ్రీహిదా కిటికీలోంచి చూడలేదు, జపమాల వదలలేదు. రెండు టికెట్లూ పోతాయేమోనని మాత్రం మాటిమాటికీ సంచి తడుముకుంది. ఆసుపత్రిలో నర్సు తలెత్తకుండానే అడిగింది, "తోడు ఎవరొచ్చారు?"

"నేనొచ్చాను," అంది ఒడీలియా, బ్రీహిదా చెయ్యి పట్టుకుని.