కనిపెట్టుకుని ఉండేది

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్లో తెలిసినవాళ్ల కంప్యూటర్‌కి వైరస్ వస్తే శనివారం అమర్‌నాథ్ రావాల్సిందే. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి, తన చేత్తో తీసేసిన వైరస్ కూడా పోయిందంటే ఒక పట్టాన నమ్మడు. మూడుసార్లు రీస్టార్ట్ చేసి, మూడుసార్లూ స్కాన్ పెట్టి, ఆపరేషన్ థియేటర్ బయట చుట్టంలా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. స్క్రీన్ మీద సున్నా కనబడేదాకా కాఫీ ముట్టడు.

ఆ శనివారం భీమశంకర్‌గారింట్లో మూడో స్కాన్‌లోనూ ఒకటి మిగిలింది.

"అంకుల్, మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ ఇదేదో కనిపెట్టుకుని ఉంది. డిలీట్ చేసేస్తున్నా."

"ఆగు నాయనా. కనిపెట్టుకుని ఉండకపోతే ఎలా? నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది తెలుగు చేసేది అదేగా."

మౌస్ మీద అమర్‌నాథ్ వేలు ఆగిపోయింది. అయినా అలవాటు పోనిచ్చుకోలేక, "ఏదీ, ఒకసారి టెస్ట్ చేద్దాం" అని కుర్చీ ఇచ్చాడు. పెద్దాయన ఒంటివేలితో వెతుక్కుంటూ కొట్టారు. అక్షరాలు ఒక్కొక్కటే తెలుగులోకి మారాయి.

'కాఫీ చల్లారిపోతోంది. తాగు నాన్నా.'

స్కాన్‌లో ఇంకా సున్నా రాలేదు. అమర్‌నాథ్ కప్పు అందుకున్నాడు.