ముక్త్యాల రోడ్డు మీద మావయ్యగారి లారీ

మొన్న నందిగామ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. కాలేజీ ప్రాజెక్టు కోసం ఏదో ఆట తయారు చేస్తోందట. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేరులో నిలకడగా పనిచేస్తున్న పాత వెర్షన్ తీసుకోవాలా, ఇంకా పరీక్షల్లోనే ఉన్న సరికొత్తది తీసుకోవాలా అని అడిగింది. పాతదే తీసుకోమన్నాను గాని, ఎందుకో ఫోనులో చెప్పలేదు. నా ఈడువాళ్ళయితే ఓపిగ్గా వింటారని మీతో చెప్పుకుంటున్నాను.

అప్పట్లో నేను జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వెళ్ళి ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేదాన్ని. ఖాళీ దొరికితే ఆటలు తయారుచేయడం నేర్చుకుంటుంటే, ముప్ఫై దాటాక ఇదేం పిచ్చని ఇంట్లో నవ్వేవారు. ఆ ఏడే మా మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన బతుకంతా ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలిన మనిషి. వేళ్ళు కదిలిస్తూ ఉండమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, తానేమన్నా చిన్నపిల్లాడా అని మంచం కిందకి నెట్టేశారు.

అప్పుడు తోచింది నాకు లారీ ఆట. తెర మీద వేలు ఎటు జరిపితే లారీ అటు తిరుగుతుంది, అంతే. ఒక టాబ్ కొని, అందులో పెట్టి, కుడిచేత్తోనే ఆడాలని చెప్పి ఆయన ఒళ్ళో ఉంచాను. కాసేపు చూసి మొహం చిట్లించారు.

"ఇదేం రోడ్డమ్మాయ్? గేదెలేవీ? ముక్త్యాల నుంచి పేట దాకా గేదె అడ్డం రాకుండా ఎవడన్నా వచ్చాడా?"

గేదెల్ని పెట్టాను. ఏ మలుపు ఎంత వంపో ఆయన చెబుతుంటే సాయంత్రాలు కూర్చుని సరిచేసేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి ఆ చేత్తోనే మంచినీళ్ళ గ్లాసు ఎత్తారు. ఆరోజు మా అత్తగారు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

వానలో తోలినవాడే డ్రైవరని, ఆటలో వాన పడితే బాగుంటుందని ఆయనకు కోరిక పుట్టింది. నా దగ్గరున్న వెర్షన్‌లో వాన సరిగ్గా కుదరలేదు. కొత్తగా వచ్చినదాంట్లోనేమో చక్రాల కింద నీళ్ళు చిమ్మడం కూడా కనిపించేది. సెంటరులో నాకంటే అనుభవమున్న ఒకాయన హెచ్చరించారు.

"తొందరపడకండి మేడం, అదింకా కుదురుకోలేదు. దాంట్లో తెరిచారంటే ఆట మళ్ళీ పాతదాంట్లో తెరుచుకోదు. ముందు కాపీ తీసుకోండి."

విన్నాను గాని, వాన చూడాలన్న ఆత్రంలో కాపీ తియ్యకుండానే ఆటని కొత్తదాంట్లో తెరిచాను. కంప్యూటరులో చూస్తే ముచ్చటేసింది. టాబ్‌లో ఎక్కించి ఆయన చేతికిచ్చి, మర్నాడు మామూలుగానే బస్సెక్కాను.

నాలుగు రోజులైనా ఆయన ఆట ఊసెత్తలేదు. టాబ్ అలమరలో, బట్టల కింద కనిపించింది. ఏమైందని అడిగితే గోడవైపు తిరిగి అన్నారు.

"ఇంక రాదులేమ్మా. చెయ్యి మళ్ళీ పోయింది. ఎంత లాగినా లారీ తిరగట్లా."

నేను వేలు జరిపి చూశాను. లారీ కాసేపు ఆలోచించి, తిన్నగా గేదెల్లోకి పోయింది. కొత్త వెర్షన్ బరువు ఆ చిన్న టాబ్ మోయలేకపోతోంది. బాగున్న ఎడమచేత్తో ఒకసారి తిప్పి చూడమని బతిమాలాను. తిప్పారు. లారీ అప్పుడూ తిరగలేదు. చాలాసేపు తన రెండు చేతుల వంకా చూసుకున్నారు.

"అయితే పాడైంది చెయ్యి కాదా?"

కాదని, తప్పు నాదేనని చెప్పాను. ఆయన పక్కనే కూర్చుని, పాత వెర్షన్‌లో మొదటినుంచీ ఆ రోడ్డంతా మళ్ళీ వేశాను. మూడు వారాలు పట్టింది. వాన మాత్రం పెట్టలేకపోయానని చెబితే, "పోన్లే అమ్మాయ్, వాన నేననుకుంటాలే" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, తన సంతకం తానే చేసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆడే మనిషి వేళ్ళకేసి చూస్తూ ఆట తయారుచేసిన రోజులవి. ఇప్పుడు చేసేవాళ్ళెక్కడో, వాడేవాళ్ళెక్కడో. ఎవరూ అడక్కుండానే ఫోనులో వెర్షన్ మారిపోతుంది, నిన్నటిదాకా తెలిసిన చోట ఈరోజు వేలు తడబడుతుంది. తప్పు తమదేననుకుని ఫోను మెల్లగా పక్కన పెట్టేసే పెద్దవాళ్ళని బస్సులో, బ్యాంకులో చూస్తూనే ఉంటాను. పాడైంది మీ చెయ్యి కాదండీ అని చెప్పడానికి వాళ్ళ పక్కన ఎవరూ ఉండరు.