సక్కుబాయి పుట్టింటికి వచ్చింది

సక్కుబాయి ఊరు తేనెబండ. అది ఎక్కడుందని హైటెక్ సిటీలో నిలబడి పదిమందిని అడగండి, పదిమందీ తల అడ్డంగా ఊపుతారు. ఆ పదిమందిలో ఇద్దరు ముగ్గురు తేనెబండలోనే కిరాయికి ఉంటూ ఉంటారు, అదీ తమాషా. తాము ఉండేది ఫలానా టెక్ పార్కు వెనక సందులో అని వాళ్లకు తెలుసు. ఆ సందే ఒక ఊరనీ, దానికి పొలిమేర, బొడ్రాయి, ఆడబిడ్డలు, అలకలు అన్నీ ఉన్నాయనీ తెలియదు. వాళ్లను అని ఏం లాభం? అద్దాల మేడలు నాలుగు దిక్కులా అడ్డం నిలబడితే ఊరు ఎవరికి మాత్రం కనబడుతుంది?

ఒకప్పుడు అక్కడ ఎర్రమట్టి చేలు, జొన్నలు, ఆముదాలు, రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. ఊరి చివర ఇల్లంత బండ, దాని నిండా తేనెపట్లు. ఎండాకాలంలో మనుషులు ఆ బండ నీడన మంచాలు వేసుకుని వాన కోసం మొహం ఎత్తి కూర్చునేవాళ్లు. తర్వాత ఆ బండను పేల్చి మేడ కట్టారు. తేనెటీగలు కొన్నాళ్లు కోపంగా తిరిగి, చివరికి వచ్చి ఆ మేడకే, పై అంతస్తు అంచు కింద, మళ్లీ పట్లు పెట్టాయి. మనుషులూ అదే పని చేశారు. ఉన్న జాగాలోనే అంతస్తు మీద అంతస్తు లేపి, గదులు సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఇచ్చి, పై గదిలో తాము సర్దుకున్నారు. బర్రెలు మాత్రం ఏ సర్దుబాటూ చేసుకోలేదు. ఇప్పటికీ పొద్దున్నే ఆఫీసు బస్సుల ముందు నుంచి తీరిగ్గా నడిచి వెళతాయి.

సక్కుబాయి ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ ఊళ్లోనే పెళ్లాడింది. ఒక్కతే బిడ్డ కావడంతో అమ్మానాన్నలు ఆమెను పంపించలేక, చేవెళ్ల వైపు నుంచి ఎల్లేశాన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు. ఇల్లుటం అంటారు దాన్ని ఊళ్లో. అందుకని మంగళసూత్రం పడిన రోజు కూడా ఆమె తాను రోజూ పడుకునే మూలనే పడుకుంది. పిల్లలు కలగలేదు. ఆ ఏడుపు ఏడ్వాల్సిన వయసులోనే ఏడ్చేసి, తర్వాత దాని జోలికి పోలేదు. కలుపు తీసింది, చేలు పోయాక మేడల పనికి ఇసుక మోసింది, ఇప్పుడు గదుల పిల్లలకు జొన్నరొట్టె చేసి పెడుతుంది. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆమె నవ్విందంటే టెక్ పార్కులో వాచ్‌మన్ ఇటు తిరిగి చూస్తాడు. ఎల్లేశం దీనికి సరిగ్గా ఎదురు. ఏది చెప్పినా ‘ఊ’ అంటాడు. డాబా మీద పెయింటు డబ్బాల్లో జొన్న మొక్కలు పెంచుకుంటాడు. అడిగితే ఎందుకో చెప్పడు.

ఇంత నవ్వే మనిషికి ఒక్క దిగులు ఉండేది. ఏటా ఎండాకాలంలో తేనెబండకు బొడ్రాయి పండుగ వస్తుంది. ఊరి నడుమ పాతిన ఆ రాయికి బిందెలతో నీళ్లు పోస్తారు. అవతల ఊళ్లకు ఇచ్చిన ఆడబిడ్డలంతా ఆ రోజు పుట్టిళ్లకు రావాలి. వచ్చినవాళ్లకు పొలిమేర దగ్గరే కాళ్లకు నీళ్లిచ్చి, సంచి అందుకుని, ఇంటికి తీసుకుపోతారు. పొద్దున ఊరంతా కట్టడి చేస్తారు. ఇక మధ్యాహ్నం దాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఇంటివాళ్లు నీళ్లిచ్చి పిలుచుకునే ఆడబిడ్డలు తప్ప. సక్కుబాయి ఎన్ని పండుగలకో వచ్చినవాళ్లకు వండి వడ్డించింది. ఎప్పుడూ తాను మాత్రం రాలేదు. పోని మనిషి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ఏడు పండుగ ముందర, కింది గదిలో కిరాయికి ఉండే నీహారిక భీమవరం వెళ్లి వచ్చింది. పూతరేకుల పొట్లం చేతిలో పెడుతుంటే సక్కుబాయి అడిగింది.

“తల్లిగారింటికి పోతే ఎట్లుంటది బిడ్డా?”

“ఏముందాంటీ! బస్సు దిగగానే నాన్న బ్యాగు అందుకుంటారు. చిక్కిపోయావంటుంది అమ్మ. ఇంక పని ముట్టుకోనివ్వరు. వచ్చేటప్పుడు అందరం ఏడుస్తాం. అంతేనండీ.”

అంతేనట! సక్కుబాయికి ఆ పూట రొట్టెలు మాడిపోయాయి. సాయంత్రం మొగుడి ముందు నిలబడి ప్రకటించింది.

“గీసారి నేను సుత తల్లిగారింటికొస్త. పండుగ ముందట నర్సమ్మ తాన బోరబండకు పోయి పండుకుంట. తెల్లారి ఆడబిడ్డ లెక్క ఊర్లకొస్త. జర నవ్వకు.”

“ఊ,” అన్నాడు ఎల్లేశం. నవ్వలేదు.

నర్సమ్మ ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు, బోరబండకు ఇచ్చిన తేనెబండ ఆడబిడ్డ. నర్సమ్మ అన్న ఐలయ్య ఊరి పెద్ద, ఈ ఏడు నుంచి పొలిమేర చుట్టూ పసుపు బియ్యం చల్లి ఊరు కట్టేది ఆయనే. సక్కుబాయి కొత్త చీర, కొత్త గాజులు, కొత్త సంచి సిద్ధం చేసుకుంది. నీహారిక ఫోన్‌లో ఆటో పిలిస్తే ఇంటిముందే ఎక్కి, దారిపొడుగునా పిల్లలా కేరింతలు కొడుతూ బోరబండ చేరింది. ఆ రాత్రి ఆడవాళ్లిద్దరూ ఏం నవ్వుకున్నారో గానీ నర్సమ్మ మనవలకు నిద్ర లేదు.

తెల్లవారి లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగారు. బయట మీసాలు నెరిసిన ఆటో డ్రైవర్ దినేశ్ దొరికాడు.

“తేనెబండ పోవాలె,” అంది సక్కుబాయి సంచి ఒళ్లో పెట్టుకుని, రాణిలాగా.

దినేశ్ ఫోన్‌లో వెతికాడు. లేదు. మళ్లీ వెతికాడు. లేదు. “దగ్గర్ల ఏమున్నదమ్మా?”

“మా ఇల్లున్నది.”

“ఇల్లు కాదమ్మా, నాకెర్కయ్యేటిది ఏదన్న చెప్పు.”

సక్కుబాయి ఆటోలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. పుట్టిన దగ్గర నుంచీ ఆ ఊళ్లో ఉన్న మనిషికి ఆ ఊరికి ఎలా రావాలో తెలియదు! బయటికి పోలేదని కాదు. నిన్న ఆటోలో కేరింతల మధ్య దారే చూడలేదు, అంతకుముందు ఎప్పుడు పోయినా వెనక సందులోంచి కాలినడకన పోయి, అదే సందులోంచి వచ్చేది. పెద్ద రోడ్డు మీంచి, కొత్త ఫ్లైఓవర్ ఎక్కి, పరాయి మనిషిలా ఎన్నడూ రాలేదు. రావాల్సిన పని ఎప్పుడు పడింది గనక?

“నువ్వు యేటేటా వస్తవ్ గదనే! తొవ్వ చెప్పు,” అని నర్సమ్మ మీద పడింది.

“మా అన్న వచ్చి బండి మీద తీస్కపోతడు. బండెక్కితే నాకు భయ్యం. అన్న ఈపుకు మొకం పెట్టి కండ్లు మూస్కుంట. ఊరొచ్చినంకనే తెరుస్త,” అంది నర్సమ్మ, అదేదో గొప్ప సంగతిలా. ఈసారి అన్నకు ఊరు కట్టే పని ఉండి రాలేకపోయాడు.

ఆటో బయల్దేరింది. ఫ్లైఓవర్ ఎక్కింది, దిగింది, యూటర్న్ తిరిగింది, ఒక అద్దాల మేడ ముందు ఆగింది. ఇది కాదంది సక్కుబాయి. మళ్లీ ఎక్కింది, దిగింది, తిరిగింది, ఇంకో మేడ. ఇదీ కాదంది. మూడోసారి ఆగేసరికి దినేశ్ ఆటో దిగి నెత్తి గోక్కున్నాడు.

“అమ్మా, ఇది ఫస్టు చూసినదే!”

“నాకెట్ల ఎర్క? మా డాబా మీదికెల్లి వీటి ఈపులు కనబడ్తయి. మొకాలెన్నడు చూసిన నేను?”

నర్సమ్మ ఫోన్ తీసింది. “ఎల్లేశం బావను అడుగుత.”

సక్కుబాయి ఫోన్ లాక్కుంది. “తల్లిగారింటి తొవ్వ మొగుణ్ని అడుగుతరానే ఎవరన్న? ఇజ్జత్ పోతది!”

పొద్దు ఎక్కుతోంది. కట్టడి వేళ దగ్గర పడుతోంది. సక్కుబాయికి మొదటిసారి భయం వేసింది. కొత్త చీర కట్టుకుని, కొత్త సంచి పట్టుకుని, ఈ ఆఫీసుల మధ్య ఇలాగే తిరుగుతూ ఉండిపోతానేమో, మధ్యాహ్నం ఉత్త సక్కుబాయిలా వెనక సందులోంచి పోవాల్సి వస్తుందేమో అని కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు జారకుండా మొహం పైకెత్తింది. ఎత్తిన మొహం అలాగే నిలిచిపోయింది. అల్లంత దూరాన ఒక మేడ పక్కన, పై అంతస్తు అంచు కింద, నల్లగా, బరువుగా, వరసగా వేలాడుతున్నాయి.

“అగో! మా ఈగలు!” అని ఆటో అదిరేలా అరిచింది. “దినేశన్నా, గా తేనెపట్ల కిందికి తోలు! ఆడనే మా ఊరు!”

దినేశ్‌కూ ఊపు వచ్చింది. బైక్ టాక్సీలను తప్పించుకుంటూ, ఆఫీసు బస్సు పక్క నుంచి దూరి, మేడ పక్క సందులోకి తిప్పాడు. లోపల నుంచి డప్పులు వినబడ్డాయి. నర్సమ్మ మామూలుగానే కళ్లు మూసుకుంది.

సందు మొగదల వేపకొమ్మలు కట్టి, నేల మీద సున్నంతో గీత గీసి ఉంది. ఐలయ్య చేతిలో పసుపు బియ్యం బుట్ట ఖాళీ. కట్టడి అయిపోయింది. గీతకు అవతల ఊరంతా నిలబడి ఉంది. గదుల పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. “ఊరు కట్టేశారు, ఆఫీసుకు రాలేనని మేనేజర్‌కి చెప్పానండీ, నమ్మలేదు,” అని నీహారిక ఎవరికో సంబరంగా చెబుతోంది.

ఐలయ్య భార్య చెంబుతో వచ్చి గీత మీంచి నర్సమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. నర్సమ్మ లోపలికి పోయింది. వెనకనే సక్కుబాయి కాలెత్తింది. ఐలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు సక్కుబాయీ. ఊరోళ్లయితే, కట్టినంక బయటున్నోళ్లు బయటనే. ఆడబిడ్డయితే ఇంటోళ్లొచ్చి నీళ్లిచ్చి తీస్కపోవాలె. నువ్వెవ్వలు?”

“ఆడబిడ్డనే!”

“మరి నీళ్లెవ్వలిస్తరు?”

సక్కుబాయి గీత అవతలి మొహాలన్నీ వెతికింది. చీర గురించి ఆలోచించింది, గాజుల గురించి ఆలోచించింది, సంచి రంగు గురించి కూడా ఆలోచించింది. ఈ ఒక్కటి ఆలోచించలేదు. అమ్మ లేదు, నాన్న లేడు, అన్నదమ్ములు అసలే లేరు.

ఆమె మొహం చూసి ఐలయ్య గొంతు తగ్గించాడు. “మా ఇంటిది ఇస్తది. గని ఆమె ఇస్తే మా ఇంటి ఆడబిడ్డవైతవు. ఇయ్యాల మా ఇంట్లనే తినాలె, మా ఇంట్లనే ఉండాలె. నీ గడప తొక్కద్దు. నీ ఇష్టం.”

గీత మీద నిలబడి సక్కుబాయి ఊరి వైపు చూసింది. డాబా మీద జొన్న మొక్కలు కనబడుతున్నాయి. ఇంకొకరి ఇంటికి ఆడబిడ్డగా పోవడానికా ఇంత సంబరపడింది?

“వద్దన్నా,” అంది. “నాకు మా ఇల్లే గావాలె.”

డప్పులు ఆగిపోయాయి. అప్పుడు జనం వెనక నుంచి ఇత్తడి చెంబు పట్టుకుని ఎల్లేశం వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన కొత్త తువ్వాలు. నీళ్లు ఒలకకుండా చెంబును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా నడిచి వస్తున్నాడు.

“నువ్వు మొగునివి, నువ్వెట్లిస్తవయ్యా?” అని ఎవరో నవ్వారు. ఊరంతా నవ్వింది.

ఎల్లేశం నవ్వు ఆగేదాకా ఆగాడు. తర్వాత, ఆ ఊళ్లో కాలు పెట్టిన నాటి నుంచీ మాట్లాడనంత పెద్ద మాట మాట్లాడాడు.

“నన్ను మీరే ఇల్లుటం తెచ్చుకున్నరు. ఇన్నేండ్లు ఇల్లుటపోడు, ఇల్లుటపోడు అన్నరు. నేను గా ఇంటోణ్ణే గదా? ఇంటి ఆడబిడ్డ గడపకొస్తే ఇంటోడు నీళ్లియ్యడా?”

ఐలయ్య అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు.

ఎల్లేశం వంగి ఆమె కాళ్ల మీద నీళ్లు పోశాడు. సంచి అందుకున్నాడు. భారీకాయపు సక్కుబాయిని కింది నుంచి పైదాకా చూసి, గట్టిగా, అందరూ వినేలా అన్నాడు.

“రా బిడ్డా. చిక్కిపోయినవ్.”

ఇక చూడాలి ఆ గోల! డప్పులు విరుచుకుపడ్డాయి. నర్సమ్మ నేల మీద కూలబడి నవ్వింది. అవతల దినేశ్ ఆటో హారన్ ఆపకుండా మోగించాడు. సక్కుబాయి ఏడుస్తూ నవ్వుతూ గీత దాటింది. పై నుంచి తేనెటీగలు కూడా ఒకసారి జుమ్మని లేచాయి, బహుశా డప్పులకు.

ఆ పూట ఎల్లేశమే వండాడు. ఉప్పు ఎక్కువైంది. సక్కుబాయి మంచం దిగలేదు, కంచం కూడా తీయలేదు. డాబా మీది జొన్న కంకులు కొన్ని కోసుకొచ్చి ఆమె ఒళ్లో పోసి, “మన చేనువి,” అన్నాడు. అవి ఎందుకు పెంచుతున్నాడో ఆమె ఇక అడగలేదు.

సాయంత్రం ఆడబిడ్డలను సాగనంపే వేళ పొలిమేర దగ్గర అందరికన్నా గట్టిగా ఏడ్చింది సక్కుబాయే.

“నువ్వెక్కడికి పోతున్నవని ఏడుస్తున్నవే?” అన్నాడు ఐలయ్య.

“పోయేటప్పుడు ఏడ్వకుంటే అది తల్లిగారిల్లెట్లయితది అన్నా?”

ఎల్లేశం ఆమె సంచి చేతికిచ్చాడు. “మంచిగ పో బిడ్డా. యేడాదికి మళ్ల రా,” అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకోగానే అదే సంచి మళ్లీ తీసుకుని భుజాన వేసుకున్నాడు.

“ఇగ నడువు, అత్తగారింటికి పోదాం. పొద్దుగూకింది, పిల్లలకు రొట్టెలు చెయ్యాలె.”

ఇద్దరూ అదే సందులోంచి అదే ఇంటికి నడిచారు. ఏనాడూ పోని అత్తగారింటికి సక్కుబాయి ఆ సాయంత్రం మొదటిసారి పోతోంది. గడప దగ్గర ఆగి కుడికాలు ముందు పెట్టింది.