చాలంటే చాలే

సాయంత్రం అశోక్‌నగర్‌లో క్లాసు ముగించుకుని చిక్కడపల్లి వైపు నడుస్తుంటే, లైబ్రరీ దాటగానే మిరపకాయ బజ్జీల వాసన వస్తుంది. కాగిన నూనె, శనగపిండి, వాము కలిసిన ఆ వాసనకు నా కాళ్లు ఇప్పటికీ వాటంతటవే నెమ్మదిస్తాయి. నోట్లో నీళ్లూరుతాయి. దాచుకోవడం దేనికి, నేను తిండిపోతును. ఆ బండి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు రుక్మిణి టీచర్ గుర్తుకొస్తారు. బజ్జీలను చూస్తే ఒక మనిషి మీద కృతజ్ఞత కలగడం విడ్డూరమే కానీ, నా విషయంలో జరుగుతున్నది అదే.

ఆమె మా ఇంటి ఓనరు. చిక్కడపల్లి సందులో ఆమె పాత ఇంటి పైవాటాలో మేము చాలా ఏళ్లు కిరాయికి ఉన్నాం. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. కూతురు వరంగల్‌లో. సన్నటి మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. ఆమెకు మాటల పిచ్చి. ఎదుటివాళ్లు అలవాటుగా అనేసిన మాటను పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి గానీ వదిలేవారు కాదు. కూరగాయల బండాయన కూడా ఆమె దగ్గర ఆచితూచి మాట్లాడేవాడు.

అప్పటికి నాకు నలభై ఇంకా నిండలేదు. తలనొప్పి తగ్గడం లేదని నారాయణగూడలో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన బీపీ చూసి, కాసేపాగి మళ్లీ చూసి, గోలీ రాసి, బరువు తగ్గమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. అందరికీ చెప్పే మాటలే. నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చాడు. ఆయన పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో మేస్త్రీగా బతికాడు. కింద నిలబడి కేకేస్తే పై అంతస్తులో కూలీలు ఉలిక్కిపడేవారు. ఆయనకు బీపీ ఉందన్న సంగతి మాకు పక్షవాతం వచ్చాకే తెలిసింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. నేనేమో కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పేవాడిని. నా నోరు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. డాక్టరు చెప్పినవన్నీ పోయి, నా మాట కూడా నాయన మాటలాగే పోతుందన్న భయం ఒక్కటే నాతో ఇంటికి వచ్చింది.

మెట్ల దగ్గర టీచర్ నా చేతిలో మందుల సంచి చూశారు. సంగతి విన్నారు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు.

"పొద్దుగాల ఏం తిన్నవ్ శీను?" అని అడిగారు.

"ఏం తిన్లే టీచర్. ఉప్మా, రెండు వడలు టిఫిన్ చేసిన, గంతే."

"పగటికి?"

"అన్నం తిన్న, జరంత."

"మరి సాయంత్రం?"

"సాయంత్రం ఏం తింట టీచర్? చాయ్ తాగిన. అండ్ల బిస్కెట్లు ముంచుకున్న. వచ్చేటప్పుడు బండికాడ బజ్జీలు రుచి చూసిన."

టీచర్ కళ్లు మూసుకుపోయాయి. "టిఫిన్ చేసినవ్, చాయ్ తాగినవ్, బిస్కెట్లు ముంచుకున్నవ్, బజ్జీలు రుచి చూసినవ్. తిన్నదేమో జరంత అన్నమే. మరి గీ పొట్ట ఎక్కడిది బిడ్డా, కిరాయికి తెచ్చుకున్నవా?"

ఆ రోజే ఒక షరతు పెట్టారు. నోట్లో ఏది పడినా ఇక 'తిన్న' అనే అనాలి. చేసిన, ముంచుకున్న, రుచి చూసిన అనే మాటలు బంద్. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేవారు. నేను బడిపిల్లాడిలా నిలబడి, వడలు తిన్న, బిస్కెట్లు తిన్న, బజ్జీలు తిన్న అని వరసగా ఒప్పజెప్పేవాడిని. చెప్తుంటే నాకే సిగ్గేసేది. ఇంత తింటున్నానా అని మొదటిసారి అనిపించింది. శనివారం ఒక్కపొద్దు ఉండి రాత్రికి నేను చేసే ఫలహారం అంటే ఇడ్లీలు, పూరీలు అని చెప్పిన రోజు ఆమె ఆపకుండా నవ్వారు. ఆమె ఏదీ తినవద్దని ఎప్పుడూ అనలేదు. కానీ సాయంత్రం చెప్పుకోవాల్సి వస్తుందనే బజ్జీల బండి దగ్గర నేను ఆగడం తగ్గింది.

ఉప్పు సంగతి వేరే. నా భార్య లత కూరల్లో ఉప్పు సగానికి సగం తగ్గించేసింది. పిల్లలు మొహాలు మాడ్చుకుని తినేవారు, నేను పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా తినేవాడిని. ఒక ఆదివారం పగలు టీచర్ గిన్నె తిరిగివ్వడానికి పైకి వచ్చి నా కంచం చూశారు. చప్పటి బీరకాయ కూర. దాని పక్కన మామిడికాయ పచ్చడి, అప్పడాలు, వేయించిన ఊరమిరపకాయలు.

"ఉప్పు బంద్ వెట్టిన్రంట గదా?"

"అవ్ టీచరమ్మా, కూరల సగం గూడ ఏస్తలేను," అంది లత.

"మరి గదేంది?" అని నా కంచంలోకి వేలు చూపించారు.

"అది పచ్చడి గదా టీచర్," అన్నాను నేను, నిజంగా అమాయకంగానే.

ఈసారి ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మనకు ఉప్పంటే ఉప్పు డబ్బల ఉన్నదే ఉప్పు. పచ్చడి ఉప్పు గాదు, అప్పడం ఉప్పు గాదు. పాపం గా బీరకాయ ఏం జేసిందని దానికి శిక్ష ఏసిన్రు?" అన్నారు. ఆ పూటే పచ్చడి జాడీ అటక ఎక్కింది. కావాలంటే స్టూలు వేసుకుని దింపుకోవాలి. కూరకు మళ్లీ కాస్త ఉప్పు దక్కింది. ఉప్పు తగ్గించిన పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, కొత్తిమీర ఎక్కువేయడం, కూర దించాక నిమ్మకాయ పిండడం, రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె, ముందు కూర తిని తర్వాత అన్నం కలుపుకోవడం, అన్నీ ఆమె చెప్పినవే. మొదట్లో గడ్డి తింటున్నట్టుండేది. కొన్నాళ్లకు నాలుక దారికొచ్చింది. హోటల్ సాంబారు ఉప్పు కషాయంలా అనిపించిన రోజు నేనే ఆశ్చర్యపోయాను.

ప్యాంట్లు వదులయ్యాక నాకు కాస్త పొగరెక్కింది. "మంచిగనే ఉన్న టీచర్, గోలీ బంద్ చేద్దామనుకుంటున్న," అన్నాను. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడొక్కసారే. "తిండి ముచ్చట నేను చెప్త, గోలీ ముచ్చట డాక్టర్ చెప్తడు. పోయి ఆయన్ని అడుగు," అన్నారు. అడిగాను. ఆపవద్దన్నారు, వేసుకున్నాను. ఇప్పటికీ అదే గోలీ, రెండోది అవసరం పడలేదు.

ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్లను వేసుకోమన్నారు. వంట అద్భుతం. ఇంకొంచెం తినాలనే ఉంది కానీ, ఇంకా కావాలా అని ఆమె అడిగితే మర్యాదకు చాలు అన్నాను. మన దగ్గర చాలు అంటే చాలని కాదు కదా. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, వడ్డించేవాళ్లు వేళ్ల సందుల్లోంచి అయినా వెయ్యాలి. టీచర్ మాత్రం నేను చాలు అనగానే గిన్నెకు మూత పెట్టేశారు. మెట్లెక్కుతూ లతతో సణిగాను. ఒక్కసారి కూడా బలవంతం చేయలేదని నాకు మనసు కష్టంగా ఉంది.

నా సణుగుడు ఆమెకు వినపడే ఉంటుంది. మర్నాడు పిలిచి కూర్చోబెట్టి, పోయిన భర్త సంగతి ఎత్తారు. "మా సార్ గూడ చాలు అంటుండె శీను. నేను నమ్మకపోతుంటి. చాలంటే ఇంక జర ఏయమని అనుకుంటుంటి. ప్రేమనే, ప్రేమ కాకుంటే ఏంది? ఆయనకు బీపీ ఉన్నదని తెలిసినంక గూడ ఒక్క గంటెకు ఏమైతదని ఏసిన."

గంటెడు అన్నం వల్ల ఎవరూ పోరని, అందులో మీ తప్పేమీ లేదని అన్నాను.

"గది నాకు తెల్వదు బిడ్డా. గాని ఆయన మాట నమ్మలే గదా నేను. ఇప్పుడు ఎవ్వరు చాలన్నా, చాలంటే చాలే," అన్నారు. నా మీద ఆమె అంత శ్రద్ధ ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు తెలిసింది.

టీచర్ వరంగల్‌లో కూతురి దగ్గర ఉండగా పోయారు. మేము గాంధీనగర్‌కు మారాం. అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటోంది. మాట పోయాక మా నాయన ఇంకా కొన్నేళ్లు బతికాడు. అమ్మ చెంచాతో జావ తాగించేది. కడుపు నిండిందని చెప్పడానికి ఆయనకు మాట లేదు, మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆమెకు అర్థం కాక ఇంకో చెంచా పెడితే, అది గదవ మీదుగా కారిపోయేది. ఆయన మాట పడిపోయిన వయసును నేను దాటేశాను. ఇవాళ కూడా పొద్దంతా క్లాసులు చెప్పి వచ్చాను. రాత్రి అన్నాల దగ్గర అమ్మ గంటె పట్టుకుని నా కంచం మీదికి వంగుతుంది. "చాలమ్మా," అంటాను. తడబడకుండా, గట్టిగా అంటాను. అమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, గంటె వెనక్కి తీసుకుంటుంది. ఆ మాట అనడానికి నాకింకా నోరుంది. అది టీచర్ పెట్టిన భిక్ష.