అవ్వ పెట్టిన నీళ్ల పరీక్ష

బెంగళూరు హూడిలో మేముండే అపార్ట్‌మెంటులో మూడు నెలలకోసారి కింది సంపు కడుగుతారు. ఆ రోజు లిఫ్టు తలుపు తెరుచుకోగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుని గబగబా నడిచిపోతారు, నేను మాత్రం అక్కడే ఓ నిమిషం నిలబడిపోతాను. ముప్ఫై ఏళ్ల కిందట, ఇక్కడికి నాలుగు మైళ్ల దూరంలో, ద్రాక్షతోటల మధ్య ఉండిన మా ఊరికి ఆ వాసనను మొదటిసారి తెచ్చినవాళ్లు ఒక పాత జీపులో వచ్చారు.

అప్పటికి మాది బెంగళూరు కాదు. చిక్కపేటకు చీరలకు పోతే "బెంగళూరికి పోయొచ్చినాం" అనేవాళ్లం. ఎండాకాలం చివర నల్లద్రాక్ష పండి, రాలిన పళ్లమీద తేనెటీగలు ముసిరి, ఊరంతా పులిసిన తీపి వాసన వేసేది. చలి మొదలయ్యాక మంచులో తడిసిన అనపకాయలు తెచ్చి, ఆడవాళ్లంతా అరుగులమీద కూర్చుని నానిన గింజల తొక్కలు పితుకుతుంటే, మేం పిల్లలం ఆ తొక్కల్ని ఒకరిమీద ఒకరు చిమ్ముకుంటూ, రాగిసంగటి కెలికే చప్పుడు వినబడగానే ఆట వదిలేసి పొయ్యి దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఆ పితికిపప్పు పులుసు, సంగటి ముద్ద, పైన కాస్త నెయ్యి, వీటికి మించిన పండగ భోజనం నాకు ఈనాటికీ తెలియదు.

అలాంటి ఒక చలికాలంలోనే జీపు వచ్చింది. అందులోంచి దిగినావిడ పేరు సరళ. ఏదో సంస్థ తరఫున వచ్చిన కన్నడావిడ, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. బడి వరండాలో ఆడవాళ్లకు ట్రైనింగ్ ఇస్తామని చాటింపు వేయించింది. కుట్టుపని నేర్పుతారట, పెంచుకోవడానికి కోడిపిల్లలు ఇస్తారట, పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో, తాగే నీళ్లు మంచివో కావో ఎలా తెలుసుకోవాలో చెబుతారట. రోజూ వచ్చినవాళ్లు పుస్తకంలో వేలిముద్ర వేయాలట. ఆ వేలిముద్ర దగ్గరే ఊరు ఆగిపోయింది.

"సుమ్నే, ఊరికినే కోడిపిల్లలు ఎవరన్నా ఇస్తారా అప్పా? వేలిముద్ర ఏసుకోని భూములు రాపిచ్చుకోని పోతారు, సూస్తాండండి," అంది మా అవ్వ, నాన్న వాళ్లమ్మ. అవ్వ మాటంటే ఊళ్లో గురి. పాలు కొనేటప్పుడు చెంబులో వేలు ముంచి చూసేది, గాజులమ్మే ఆమె లెక్కపెట్టిన గాజుల్ని మళ్లీ లెక్కపెట్టేది, బంధువు తెచ్చిన పెళ్లి పత్రికను కూడా ఇంకొకరితో రెండోసారి చదివించుకునేది.

మొదటి రోజు వరండాకు పోయింది మా అమ్మ ఒక్కతే. ఏడో తరగతి చదివింది కాబట్టి వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టింది. అవ్వ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో వారం అమ్మ వేలెడు గాజు సీసాలు కొన్ని తెచ్చింది. వాటి అడుగున మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉంచితే, నీళ్లలో మురికి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయట.

ఆ వారమే రెండిళ్ల అవతలి మునియమ్మ రెండేళ్ల కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. బిడ్డ కళ్లు లోపలికి పోయాయి. అమ్మ పరుగున పోయి, వరండాలో నేర్పినట్టే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పట్టిస్తూ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. బిడ్డ తేరుకుంది. మర్నాడు అమ్మ ఊరి బావి నీళ్లు సీసాలో పట్టి పెట్టింది. నల్లబడ్డాయి. బావికి ఎగువన ఉన్న పేడదిబ్బ మాదే.

మునియమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "మీ పేడతిప్పలో ఊటే నా బిడ్డ కడుపులోకి పోతాండాదా అత్తా?" అని అడిగింది. అవ్వ ముఖం మాడిపోయింది. "ఆ సీసాలో వాళ్లే ముందుగా మసి పెట్టింటారు!" అని అరిచి, అమ్మవైపు తిరిగి, "ఇంటి పరువు తీయను నేర్చుకొని వచ్చినావా?" అంది. అమ్మ చీపురు తీసుకుని వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలినే మళ్లీ మళ్లీ ఊడ్చింది.

తర్వాతి శుక్రవారం అమ్మ పిలిస్తే వచ్చి సరళ మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అవ్వ నన్ను పెరట్లోకి పిలిచి, "ఆయమ్మ సంచీలో నీళ్ల బాటిలు ఉండాది, తెచ్చి ఇయ్యి," అని చెవిలో చెప్పింది. తెచ్చిచ్చాను. అమ్మ దగ్గరున్న సీసాల్లోంచి మూడు అప్పటికే అవ్వ కొంగులో ఉన్నాయి. ఒకదాంట్లో బావి నీళ్లు పోసింది. రెండోదాంట్లో అవే నీళ్లు మరగకాచి చల్లార్చి పోసింది. మూడోదాంట్లో సరళ బాటిల్లోని నీళ్లు పోసింది. గుర్తుకు వాటికి మూడు రంగుల దారాలు కట్టి, రాగుల బుట్టలో దాచింది.

సోమవారం వరండా ముందు ఊరి ఆడవాళ్లందరినీ నిలబెట్టి సీసాలు బయటకు తీసింది. బావి నీళ్లు నల్లగా ఉన్నాయి. కాచిన నీళ్లు తేటగా ఉన్నాయి. సరళ నీళ్లు కూడా నల్లగానే ఉన్నాయి.

"ఇవి నీ బాటిల్లో నీళ్లే. మాకు బుద్ధులు చెప్తావు, నువ్వేం తాగుతాండావో సూడు," అంది అవ్వ.

సరళ ముఖం ఎర్రబడింది. సీసాను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. "తప్పు నాదే అవ్వా. ఆఫీసు కొళాయిలో పట్టుకొని వచ్చేసినాను, కాచలేదు," అంది.

అందరూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. మూడు సీసాల్నీ మరోసారి తిప్పి తిప్పి చూసి, "తెచ్చినోళ్లని కూడా మొగం సూసి వదల్లేదు ఈ సీసా," అని గొణిగింది. తర్వాత అమ్మ భుజంమీద చెయ్యి వేసి, "పా మ్మే, గంపలు తీయి," అంది.

రెండు రోజులు ఇంటిల్లిపాదీ పేడదిబ్బను గంపలకెత్తి దిగువనున్న చేనికి మోశాం. మునియమ్మ కూడా ఒక గంప పట్టింది. బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపారు. ఉగాదికి వరండాలో ఆడవాళ్లు పట్టనంత మంది అయ్యారు. అవ్వ కూడా వచ్చి చివర కూర్చునేది. వేలిముద్ర మాత్రం ఒక్కరోజూ వేయలేదు.

మా భూములు ఎప్పుడో పోయాయి. జీపువాళ్లెవరూ తీసుకోలేదు, ఎకరానికి పలికిన ధర చూసి మేమే అమ్ముకున్నాం. ద్రాక్షతోటల చోట ఇప్పుడు గాజు అద్దాల ఆఫీసులున్నాయి. పోయిన నెల వైట్‌ఫీల్డ్ నుంచి వస్తూ అక్కడ దిగాను. బావి ఉండిన చోటును అంచనా కట్టుకుంటూ గేటు దగ్గర నిలబడితే, మదనపల్లె నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చాడు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఎవరు మేడం మీరు? ఏ ఫ్లోరుకు పోవల్ల?" అని అడిగాడు. నేను అవ్వ పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను, మా ఇంటిపేరు చెప్పాను. అతను వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకుని, పాపం, ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా లోపలివాళ్లను అడిగాడు. అలాంటివాళ్లెవరూ ఇక్కడ పనిచేయడం లేదని లోపల్నుంచి జవాబు వచ్చింది.