పలక మీద రాసిన వారంటీ

మా ఇంటాయన ఇరవై ఆరేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినాడు. మార్కాపురం పలకంటే ఒకప్పుడు ఎక్కడెక్కడి బడిపిల్లల చేతుల్లోనో ఉండేది. బడుల్లో పలకలు పోయినాక అదే రాతిని గోడలకు, నేలకు బిళ్లలుగా కోసినారు. పని పేరు మారింది గానీ దుమ్ము మారలేదు. సాయంత్రం వాకిట్లో నిలబడి తువ్వాలు దులిపితే బూడిదరంగు పొగ లేచినట్టు లేచేది. నేనూ పదేళ్లు అక్కడే పలకలకు చట్రాలు బిగించినాను. నా చదువు మూడో తరగతి. రాయడం తక్కువ, గుర్తుపెట్టుకోవడం ఎక్కువ.

ఆయన మాటకారి. చర్చిలో ప్రార్థన చేయమంటే ఊళ్లో జబ్బుపడ్డోళ్లందర్నీ పేరు పేరునా తలుచుకుని, ఆఖరికి ఈనబోయే గొర్రెను కూడా కలిపి ముగించేవాడు. అట్లాంటి మనిషికి యాభై దాటినాక ఊపిరి అందడం తగ్గింది. మొదట మెట్లెక్కలేకపోయినాడు. తరువాత గిన్నెడు అన్నం ఒక్క దఫాలో తినలేకపోయినాడు. ఆ తరువాత మాట తెగింది. రెండు మాటలు చెప్పి ఆగేవాడు, ఇంకో రెండు చెప్పేవాడు. ఒంగోలు డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడిందన్నాడు. నయం చేసే మందు లేదు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని రోజుకు పదహారు గంటలు పీల్చాలన్నాడు.

మేకలు అమ్మి మిషన్ కొన్నాము. మార్కాపురంలో బస్టాండుకు కాస్త దూరంలో ఆస్పత్రి సామాన్ల దుకాణం. దుకాణమాయన నా తమ్ముడి ఈడువాడు. పోంగానే కుర్చీ లాగినాడు, నీళ్లిచ్చినాడు.

"కూర్చో అక్కా. బావకు ఎట్ల ఉంది? ఇది పెట్టినావంటే బావ లేచి తిరుగుతాడు చూడు. సంవత్సరం వారంటీ. కంపెనీ వారంటీ ఒకెత్తు, నేను ఒకెత్తు. నేనుండగా నీకేం భయం?"

వారంటీ పుస్తకం ఇచ్చినాడు. అంతా ఇంగ్లీషు. ఇంటికొచ్చి బైబిల్లో పెట్టినాను. మా ఇంట్లో పోకూడని కాగితం ఏదైనా అందులోనే ఉంటాది.

మిషన్ మంచం పక్కన పెట్టుకుని, ముక్కుకు సన్నపైపు తగిలించుకుంటే, సీసాలో నీళ్లు బుడబుడమనేవి. మూడు రోజులకు ఆయనకు మాట తిరిగొచ్చింది. పూర్తి మాట, మొదలు నుంచి చివర దాకా. ఆ మిషన్‌ను రెండో పెళ్లామనేవాడు. "చూడే, నీకంటే ఇదే నయం. అడక్కుండా ఊపిరిస్తాది, ఎదురు మాట్లాడదు" అంటే, "దాన్నే సంగటి కెలకమను" అనేదాన్ని. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు ఆ బుడబుడల మధ్యలోనే ఆయన ఆపకుండా పావుగంట ప్రార్థన చేసినాడు. ఈసారి కూడా గొర్రెను మరువలేదు. అందరూ నవ్వినారు, నేను కళ్లు తుడుచుకున్నాను.

తొమ్మిది నెలలు బాగానే నడిచింది. మిషన్ మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంటే గాలి సరిగా వస్తున్నట్టు. పసుపు లైటు వెలిగితే మోత ఉంటాది, గాలి ఉంటాది, అందులో ప్రాణవాయువు ఉండదు. కంది కోతలు అయిపోయిన వారం, పక్కింటోళ్ల గొర్రె రెండు పిల్లలు ఈనిన శుక్రవారం, మొదటిసారి పసుపు లైటు వెలిగింది.

మిషన్‌ను ఆటోలో వేసుకుని మార్కాపురం పోయినాను. దుకాణం గోడకు పెద్ద నల్లపలక వేలాడుతుండేది. దాని చట్రం చూడంగానే మా ఫ్యాక్టరీదని గుర్తుపట్టినాను. బాగుచేయడానికి ఏ ఊరి నుంచి ఏ సామాను వచ్చిందో దాని మీద సుద్దముక్కతో రాసేవాడు. మా ఊరి పేరు రాసి, పక్కన 'ఆక్సిజన్ మిషన్' అని రాసినాడు. నా కళ్లముందరే రాసినాడు. ఇంకేం కావాల, రాసినాడు గదా అనుకున్నాను.

"మిషన్ వచ్చేదాకా బావకు సిలిండరు తీసుకుపో అక్కా, బాడుగకు" అన్నాడు. సిలిండరుకు మాత్రం చీటీ రాసి సంతకం పెట్టించుకుని, దాని నకలు నా చేతికిచ్చినాడు. "నీ మీద నమ్మకం లేక కాదక్కా, సిలిండర్లు మందివి" అన్నాడు.

ఇక్కడే నేను తప్పు చేసినాను. మిషన్‌కూ ఒక చీటీ రాసియ్యి నాయనా అని అడగలేదు. అక్కా అన్నోని దగ్గర, కుర్చీ వేసి నీళ్లిచ్చినోని దగ్గర, నిన్ను నమ్మను కాగితం రాయి అన్నట్టు చేయి ఎట్ల చాపేది? మా దిక్కున వరస పెట్టి పిలిచినాక కాగితం అడిగితే ఆ వరస తెంపుకున్నట్టే. ఆ సంగతి నాకు తెలుసు. వాడికి నాకంటే బాగా తెలుసు.

పన్నెండు రోజులకు మిషన్ ఇచ్చినాడు. మళ్లీ ఆకుపచ్చ లైటు. రెండు వారాలు నడిచి, ఈస్టరు ముందరి శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం మళ్లీ పసుపు. మళ్లీ ఆటో, మళ్లీ పలక, మళ్లీ సిలిండరుకు చీటీ. ఈసారి పంతొమ్మిది రోజులు. మిషన్ తిరిగిచ్చేటప్పుడు గొంతు తగ్గించి చెప్పినాడు.

"అక్కా, లోపల దుమ్ము పట్టిందంట. దుమ్ముండే ఇంట్లో పెట్టినారు, వారంటీ వర్తించదు అంటాంది కంపెనీ. నేనే మా అక్కది, ఎట్లైనా చేయాల అని పోట్లాడి చేయించినా."

నేనేం చేసినాను? వాడికి దండం పెట్టినాను. మరుసటి వారం రెండు శేర్ల కందిపప్పు విసిరి, చెరిగి, సంచిలో పోసి తీసుకుపోయి ఇచ్చినాను. ఆ పప్పు తలుచుకుంటే ఈ రోజుకూ నా చేతులు మండుతాయి. ఇరవై ఆరేళ్లు మనిషి లోపలికి దుమ్ము పోతాంటే ఆ ఫ్యాక్టరీలో ఒక్కరూ అడగలేదు. మిషన్ లోపలికి పోతే మాత్రం అది మా తప్పని పుస్తకంలో ముందే అచ్చేసి పెట్టినారు.

ఈస్టరుకు వారం ముందు, మట్టలాదివారం పొద్దున ఆయన చర్చికి పోవాలని తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుండగా మూడోసారి పసుపు లైటు వెలిగింది. చొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయినాడు. సోమవారం దుకాణం తీసేసరికి నేను మెట్ల మీదున్నాను.

"తమ్ముడూ, వారంటీ ఇంక పది రోజులే ఉంది. మంచి మిషన్ ఇప్పియ్యి. ఇది ఊరికే చెడిపోతాంది."

"మిషన్ నా దగ్గరికొచ్చినాక వారంటీ ఎక్కడికి పోతాదక్కా? నీకెందుకు, పో. హైదరాబాదు నుంచి పార్టు రావాల."

ఈసారీ సిలిండరుకు చీటీ రాసి పంపించినాడు. పది రోజులు పోయినాయి. ఇరవై పోయినాయి. ఫోన్ చేస్తే, దోవలో ఉందక్కా అనేవాడు. ఇంట్లో సిలిండరును పొదుపుగా తిప్పేవాళ్లం. ఆయన దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. మాట మళ్లీ తెగింది. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే ఎనభై నాలుగు, ఎనభై మూడు చూపించేది. నెల దాటినాక నేనే బస్సెక్కి పోయినాను. కుర్చీ వేయలేదు.

"పార్టు వచ్చిందక్కా. కానీ వారంటీ అయిపోయింది గదా. పార్టు నీవే కొనుక్కోవాల."

"వారంటీలో ఉండంగానే నీకిచ్చినా గదా!"

"ఎప్పుడిచ్చినావు?"

"మట్టలాదివారం మరుసటి రోజు. నువ్వు నీలంగళ్ల చొక్కా వేసుకున్నావు. నీ బల్ల మీద సగం తిన్న ఇడ్లీ పొట్లం ఉంది. మొదటిసారి కంది కోతలప్పుడు. రెండోసారి బూడిద బుధవారం."

"నీకు గుర్తుంటే కంపెనీకి చాలదక్కా. రాసింది ఏదైనా ఉంటే చూపియ్యి."

నేను గోడ మీద పలక చూపించబోయినాను. దాని మీద 'పామూరు, నెబులైజర్' అని ఉంది. కింద 'దర్శి, బీపీ మిషన్'. మా ఊరి పేరున్న చోట తడిగుడ్డతో తుడిచిన మరక ఉంది.

"తుడిచినావా?"

"పలక గదక్కా" అన్నాడు. "తుడవకుంటే ఎట్ల?"

ఇరవై ఆరేళ్లు ఆయన కోసిన రాయి, పదేళ్లు నేను బిగించిన చట్రం. తుడిస్తే పోతాదని నాకు తెలియదా?

ఊరికొచ్చి నేరుగా గ్రామ సచివాలయానికి పోయినాను. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి మా చర్చి పిల్లే. అంతా విని తల పట్టుకుంది.

"పెద్దమ్మా, సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ కాగితం ఇయ్యాల. అడగడం మన హక్కు. మిషన్ వాళ్ల దగ్గర పడి ఉన్న రోజులు మన మీద వేయగూడదు అని కొట్లాడొచ్చు. ఒకటే జబ్బు మూడుసార్లు వస్తే మిషనే మార్చమని అడగొచ్చు. కానీ ఇచ్చినట్టు ఏదో ఒకటి చూపియ్యాల గదా. ఒక్క చీటీ కూడా లేదా?"

"సిలిండర్ల చీటీలున్నాయి. అవి వాడివి."

"తీసుకురా, చూద్దాం."

బైబిల్లోంచి తెచ్చి బల్ల మీద పరిచినాను. మూడు చీటీలు. మూడింటి మీదా వాడి దుకాణం ముద్ర, వాడి చేతిరాత, తేదీ. ఆ పిల్ల ఒక్కొక్కటే చూసి లేచి నిలబడింది.

"పెద్దమ్మా! ఇంట్లో మిషన్ నడుస్తాంటే సిలిండరు ఎవరైనా బాడుగకు తెచ్చుకుంటారా? మూడో చీటీ చూడు, వారంటీ ఇంకా ఉన్న తేదీ. ఇది చాలు."

ఇంటికి పోయి ఆయనకు చెప్పినాను. ఆయన నవ్వబోయినాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగినాక, రెండు మాటలకొకసారి ఆగి అన్నాడు: "వాడిదేమో... కాగితం. మనదేమో... పలక."

ఆయన నాతో ఆడిన ఎగతాళి మాటల్లో అదే ఆఖరిది.

ఆ పిల్ల చీటీలను ఫోటోలు తీసి వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసుకు పంపించింది. కంపెనీకి నోటీసు పోయింది. జవాబు రావడానికి గడువుంటాదంట. కాగితానికి గడువుంటాది, ఊపిరికి ఉండదు. మే నెల, ఎండ బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం, నేను కొత్త సిలిండరు వచ్చే ఆటో కోసం రోడ్డు దాకా పోయి వచ్చేసరికి, ఆయన దిండు మీద వంగి కూర్చున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

ఆ మిషన్ వల్లనే పోయినాడని నేను అనను. డాక్టరు ముందే చెప్పినాడు, మిషన్ ఉన్నా ఎన్నాళ్లో తెలియదని. నా కడుపుమంట అది కాదు. ఆ మనిషి ఉన్న కాస్త ఊపిరితో మాట్లాడి పోవాల్సినోడు. చివరి ఏడు వారాలు మాట లేకుండా కూర్చున్నాడు. ఎంతమందిని పేరు పేరునా తలుచుకోవాలనుకున్నాడో, నాకేం చెప్పాలనుకున్నాడో, అదంతా వాడి దుకాణంలో పార్టు కోసం ఎదురుచూస్తా ఉండిపోయింది.

జూన్‌లో కంపెనీ మిషన్ పంపించింది. కొత్తది కాదు, అదే, బాగుచేసింది. తెచ్చినోడు ఫోను ముందుకు చాపి, "అమ్మా, సంతృప్తిగా ఉందని ఒక్క సంతకం" అన్నాడు. సంతృప్తి మాట తీసేసి, ముట్టింది అని మాత్రం కాగితం మీద రాయించి సంతకం పెట్టినాను. నాకొక నకలు ఇప్పించుకున్నాను. మరమ్మతుకు మూడు నెలల వారంటీ అన్నాడు.

మా వీధిలో పలకల ఫ్యాక్టరీ మనుషులు ఇంకా ముగ్గురున్నారు. అందులో ఎక్కువ ఆయాసపడేవాడు మా ఇంటాయన పక్కనే నిలబడి రాయి కోసినోడు, నాకు అన్న వరస. మిషన్ వాళ్లింటికి మోయించినాను. దాని పిడికి దారం కట్టి, నలభై పేజీల నోటుపుస్తకం వేలాడదీసినాను. "వదినా, ఏ రోజు ఏ లైటు వెలిగిందో ఇందులో రాయి. గుర్తుంచుకుంటే చాలదు" అని వాళ్లావిడకు చెప్పినాను.

"నీ అంత గుర్తు మాకెక్కడిది లేమ్మా" అనింది ఆమె.

"నాకు గుర్తుండి ఏం చేసింది?" అన్నాను.

రెండు నెలల ఇరవై రోజులకు పసుపు లైటు వెలిగింది. ఆమె పరుగెత్తి నా దగ్గరకే వచ్చింది. మిషన్, నోటుపుస్తకం ఆటోలో వేసుకుని నేనే మార్కాపురం పోయినాను. వాడు నన్ను చూసి లేచినాడు. కుర్చీ లాగినాడు.

"రా అక్కా. బావ సంగతి తెలిసి చాలా బాధపడినా. కూర్చో, నీళ్లు తాగు."

నేను కూర్చోలేదు. నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టినాను.

"నన్ను అక్కా అనొద్దు. మిషన్ ముట్టిందని రాయి. ఈ రోజు తేదీ వేయి."

వాడు అలవాటుగా గోడ దిక్కు తిరిగి సుద్దముక్క తీసుకోబోయినాడు.

"అక్కడ కాదు" అని నా పెన్ను ఇచ్చినాను.