పోటు వచ్చేలోపల

సముద్రం కంటే పల్లంలో ఒక దేశం ఉందని, వేసవి చదువుకు అక్కడికే వెళ్తున్నానని చెప్పినప్పుడు మా నాయనమ్మ రేపల్లె ఇంటి వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. చేతిలోది పళ్ళెంలో పడేసి నా మొహంలోకి చూసింది.

"పల్లంలో ఊళ్ళు కట్టుకున్నారా? ఎవరే ఆ బుద్ధిలేనోళ్ళు?"

"కట్టలు పోసుకున్నారు నాయనమ్మా. పెద్ద పెద్ద కట్టలు."

"మాకూ ఉండేది కట్ట," అని మళ్ళీ చింతపండు అందుకుంది.

అప్పుడు నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను. ఉప్పు నేలల్లో పంటలు తీయడం మీద నెదర్లాండ్స్‌లో ఒక వేసవి కోర్సు ఉందని మా సార్ చెబితే దరఖాస్తు పెట్టాను. మాది సముద్రం పక్క ప్రాంతమనీ, చౌడుతో పుట్టినప్పటి నుంచీ పరిచయమనీ అందులో గొప్పగా రాశాను. చౌడుతో పరిచయం నిజమే. సముద్రంతోనే మొహమాటం. సూర్యలంక బీచ్‌లో స్నేహితులంతా అలల్లో గంతులేస్తుంటే ఒడ్డున చెప్పులకు కాపలా కాసే ఉద్యోగం ఎప్పుడూ నాదే. ఆ ఉద్యోగానికి నాకు పోటీ వచ్చినవాళ్ళు లేరు. వీసా వచ్చిన రోజు తెనాలిలో మా నాన్న వీధంతా స్వీట్లు పంచాడు. నేను మాత్రం మ్యాపు తీసి, వెళ్ళే ఊరికి సముద్రం ఎంత దూరమో కొలుచుకున్నాను.

ఈ భయం నా సొంత సంపాదన కాదు, పిత్రార్జితం. నాయనమ్మ పుట్టిల్లు సముద్రం పక్కనున్న అడవులదీవి. పెళ్ళయిన కొత్తలో పుట్టింట్లో ఉండగా ఉప్పెన వచ్చింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇంటి దూలం ఎక్కిందట. "చెయ్యి జారింది" అనేదాకా చెప్పి, ఎప్పుడు చెప్పినా అక్కడే ఆపేసేది. సెలవులకు మేం రేపల్లెలో ఉన్నప్పుడు గాలివాన మొదలైతే చాలు, నా లంగా అంచునూ తన కొంగునూ కలిపి ముడేసి పడుకునేది. "చెయ్యి జారుద్దే. ముడి జారదు." ఒంటికి వెళ్ళాలన్నా ఆమెను లేపాల్సిందే. పెళ్ళికి ముందే కొంగుముడి పడిన పిల్లనని మా బాబాయి ఏడిపించేవాడు.

నెదర్లాండ్స్ చేరాక తరగతి గదిలో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. ఆఖరి వారం అసలు సంగతి చెప్పారు. ఆటు వేళ సముద్రం వెనక్కి పోతే అడుగున ఉన్న బురద మైళ్ళకొద్దీ బయటపడుతుందట. దాని మీద నడుస్తూ, మట్టి నమూనాలు తీసుకుంటూ, ఎదురుగా ఉన్న దీవికి చేరాలి. పోటు వచ్చేలోపల చేరాలి. వెళ్ళకపోతే కోర్సు పూర్తయినట్టు కాదు. అక్కడివాళ్ళకి అదొక సరదా నడక. నాకు మాత్రం ఆటు ఆటలా లేదు, పోటు అచ్చం గుండెపోటులాగే వినిపించింది.

నా గదిలో ఉండే అమ్మాయిది బొలీవియా. "మా దేశానికి సముద్రమే లేదు. తలుచుకుంటేనే వణుకొస్తోంది," అంది. ఒక తోడు దొరికిందని సంతోషించేలోపలే, "అయినా నువ్వు సముద్రం పక్కదానివి కదా, నీ పక్కనే నడుస్తాలే," అంది. చెప్పుల కాపలా సంగతి ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. నాయనమ్మకైతే ఈ నడక సంగతే చెప్పలేదు.

పొద్దున్నే బయలుదేరాం. ముందు గైడ్, వెనక మేము. గైడ్ చేతిలో ఆయనంత పొడుగు కర్ర. చలికి నేను మెడకు చున్నీ చుట్టుకుని, పైన రెయిన్‌కోటు తొడుక్కున్నాను. పిక్కల దాకా బురద. కాసేపటికి వెనక ఒడ్డు సన్నని దారంలా మిగిలింది. ముందు దీవి మాత్రం ఎంత నడిచినా అంతే దూరంలో ఉంది.

ఉప్పెన రైలులా అరుచుకుంటూ వచ్చిందని నాయనమ్మ చెప్పేది. అందుకని నేను చెవులు రిక్కించుకుని నడుస్తున్నాను. ఏ చప్పుడూ లేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే మా అడుగుల గుంటల్లో నీళ్ళు కనిపించాయి. ఎవరూ పొయ్యకుండానే నిండుతున్నాయి. అరిచే నీటికైతే సిద్ధపడి వచ్చాను. ఇలా గుట్టుగా వచ్చే నీటిని చూశాక మళ్ళీ వెనక్కి తిరగకుండా గైడ్ వీపే చూస్తూ నడిచాను.

"పోటు మొదలైంది. కంగారు లేదు, మనకు టైముంది," అన్నాడు గైడ్. "ముందు ఒక్క కాలువ దాటాలి. నడుం లోతే."

ఎవరి నడుమండీ అని అడగాలనిపించింది. ఆయన నడుం నాకు ఛాతీ.

కాలువ అంచున బొలీవియా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. మెడలోంచి చున్నీ లాగి, ఒక కొస నా నడుముకు కట్టుకున్నాను. రెండో కొస ఆమె బ్యాగు పట్టీకి ముడేశాను. ఏంటని అడగలేదు. సముద్రం పక్కదాన్ని కదా, తెలిసే చేస్తున్నానని నమ్మింది.

సగం దాటాక నా కాలి కింద నేల లేదు. చెయ్యి జారింది. ఉప్పునీళ్ళు నోట్లో, ముక్కులో. అక్కడికి నా చదువు, వేసవి, అన్నీ అయిపోయాయనే అనుకున్నాను. నడుం దగ్గర ఎవరో గట్టిగా గుంజినట్టయింది. తల పైకొచ్చేసరికి ఆ అమ్మాయి రాటలా నిలబడి రెండు చేతులతో చున్నీ లాగుతోంది. గైడ్ వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. ముడి చూసి ఆయన మొహం మారింది.

"నీళ్ళల్లో మనుషులు ఇలా కట్టుకోకూడదు. ఒకరు మునిగితే ఇద్దరూ పోతారు. విప్పండి."

ఆయన చెప్పింది నిజమే. అది అప్పటిదాకా నాకు తోచనేలేదు. కానీ ఆ అమ్మాయి చలికి పళ్ళు టకటకలాడుతున్నా, "విప్పను. వీళ్ళ సముద్రంలో ఇదే పద్ధతి," అంది.

గైడే విప్పబోయాడు. తడికి బిగుసుకుపోయిన ముడి ఆయనకీ లొంగలేదు. ఏదో గొణుక్కుంటూ నా రెక్క వదలకుండా మా ఇద్దర్నీ అవతలికి నడిపించాడు.

దీవి కట్ట మీద కూలబడ్డాక, నీళ్ళు చొరని కవర్లోంచి ఫోన్ తీసి నాయనమ్మకు చేశాను. దాచడానికి ఇక ఓపిక లేదు. దగ్గుతూ, ముక్కు చీదుకుంటూ అంతా చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను.

"చెయ్యి జారిందా?" అంది.

"జారింది నాయనమ్మా."

"ముడో?"

"ఉంది. బిగుసుకుపోయింది, రావట్లా."

అవతల ఆమె కూడా ముక్కు చీదుకోవడం వినిపించింది.

"ఆరనివ్వు," అంది చివరికి, తన గొంతులా లేని గొంతుతో. "తడి ముడి లాగితే గుడ్డ చిరుగుద్ది. ఆ పిల్లని తల తుడుచుకోమను. ఎవరి పిల్లో ఏంటో."

ఏమందని అడిగింది బొలీవియా అమ్మాయి. తల తుడుచుకోమంది అన్నాను. వెంటనే తుడుచుకుంది.

తిరుగు ప్రయాణం పడవలోనట. అందులో లైఫ్ జాకెట్లు ఎన్ని ఉంటాయని గైడ్‌ని రెండుసార్లు అడిగాను. పడవ వచ్చేసరికి చున్నీ ఎండకు ఆరిపోయింది, ముడి వదులైంది. ఇద్దరం చూశాం. అవతలి ఒడ్డున దిగేదాకా ఇద్దరిలో ఎవరమూ దాని జోలికి పోలేదు.